సిమ్ రేసింగును నేర్చుకొను విధము

ఏ విద్యయైనను గురుముఖమున నేర్చుట మన దేశమునందు చిరకాలముగా వచ్చుచున్న పద్ధతి. శిష్యుడు తప్పు చేయును, గురువు చూచును, చూచి దిద్దును. ఈ దిద్దుటయే బోధనలో సగము పని. నేటి దినములలోనో, బాలురు అంతర్జాలమునందలి పాఠములను చూచి, తమ్ము నెన్నడును చూడని గురువులవలన అనేక విద్యలు నేర్చుకొనుచున్నారు. అట్టి విద్యలలో సిమ్ రేసింగు ఒకటి. మా విద్యార్థులలో కొందరు దీనిని గూర్చి మమ్ము ప్రశ్నించుచుండుటచేతను, ఇది కాలమును ధనమును హరించు ఆట మాత్రమే కదా యని తలిదండ్రులు కొందరు శంకించుచుండుటచేతను, ఈ విద్య యెట్టిదో, ప్రారంభకుడు దీని నే క్రమమున నేర్వవలెనో, ఎచ్చట జాగరూకుడై యుండవలెనో యిందు సంగ్రహముగా వివరింప దలచితిమి.

సిమ్ రేసింగనగా కారు పందెమును కంప్యూటరు సాయమున ఉన్నదున్నట్లు అనుకరించుట. తెరమీద కారులు పరుగెత్తు ఆటలన్నియు సిమ్ రేసింగు కావు. కొన్ని ఆటలలో కారు గోడను డీకొన్నను నష్టములేదు. మలుపులో వేగము తగ్గింపనక్కరయు లేదు. సిమ్ రేసింగునందో, కారు బరువు, ఇంజను శక్తి, టైరునకు నేలతో గల పట్టు, గాలి యొత్తిడి మున్నగునవన్నియు ప్రకృతిశాస్త్ర సూత్రముల ననుసరించి క్షణక్షణమును లెక్కింపబడును. వేగముగా మలుపు ద్రిప్పినవాడు బాట వెలుపల పడును. తప్పునకు తగిన ఫలము వెంటనే కనబడును.

అనుకరణ యంత్రముమీద విద్య నేర్చుట క్రొత్తది కాదు. ఎడ్విన్ లింకు అను అమెరికా దేశస్థుడు 1929లో విమానము నడుపుటను నేలమీదనే నేర్పు యంత్రము నొకదానిని నిర్మించెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున వేలకొలది విమానచోదకులు దానిలో కూర్చుండి శిక్షణ పొందిరి. కారు పందెముల విషయమున 1989లో పపైరస్ అను అమెరికా సంస్థవారు ఇండియనాపోలిస్ పందెము ననుకరించు నొక ప్రోగ్రామును వెలువరించిరి. 1997లో జపాను దేశమున గ్రాన్ టురిస్మో వెలువడెను. 2008లో ఐరేసింగు ఆరంభమయ్యెను. ఈ చివరిదానియందు నిజమైన పందెపు బాటలను లేజరు కిరణములతో కొలిచి, నేలమీది మిట్టపల్లములను సైతము తెరమీదికి తెచ్చిరి.

ఈ విద్యనుండి నిజమైన పందెములలోనికి వెళ్లినవారును కలరు. గ్రాన్ టురిస్మో ఆటగాండ్రనుండి చోదకులను ఎంపిక చేయుటకై జీటీ అకాడమీ అను పోటీ 2008లో మొదలయ్యెను. ఆ మొదటి పోటీలో స్పెయిను దేశస్థుడగు లూకాస్ ఒర్డోన్యెజ్ గెలిచెను. 2011లో బ్రిటను దేశపు యువకుడగు యాన్ మార్డెన్‌బరో గెలిచి, 2013లో ఫ్రాన్సు దేశమునందలి లె మాన్ ఇరువదినాలుగు గంటల పందెమున తన తరగతిలో మూడవ స్థానము నొందిన జట్టులో నొకడయ్యెను. మన హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేన్ సాగరు తీరమున విద్యుత్కారుల పందెము జరిగినది గదా! అట్టి పందెములకు ఊరి వీధులనే కొన్ని దినములు బాటగా మార్చుదురు. ముందుగా వచ్చి అచ్చట అభ్యసించుటకు వీలులేదు. కాబట్టి ఆ పందెములలోని చోదకులు బాటను ముందుగా అనుకరణ యంత్రములలోనే నేర్చుకొందురు. వేలకొలది పోటీదారులలో ఒకరిద్దరికి మాత్రమే లభించిన భాగ్యమును చూచి ప్రతి బాలుడును తానట్లగుదునని తలంపరాదు. అయినను ఈ విద్యలో నేర్వదగినది నిజముగా కలదని చూపుటకు ఈ యుదాహరణములు చాలును.

ఇక పరికరముల సంగతి. ఒక కంప్యూటరుగాని, ఆటల యంత్రముగాని, దానికి తగిలించు స్టీరింగు చక్రమును పెడళ్లును ఉండవలెను. చక్రములోని మోటారు, టైరు నేలను పట్టుచున్నదో జారుచున్నదో చేతులకు తెలియునట్లు ప్రతిఘటించును. చేతితో పట్టుకొను చిన్న మీటల పెట్టెతోనైనను ఆరంభింపవచ్చును. మోటారుసైకిలు వెలను మించిన చక్రములు అంగడిలో కలవు. ప్రారంభకునకు వానితో పనిలేదు. అంతకంటె ముఖ్యమైనవి వెలలేనివి మూడు. చక్రము బల్లకు కదలకుండ బిగింపబడి యుండవలెను. బ్రేకును గట్టిగా త్రొక్కినపుడు వెనుకకు జారని కుర్చీ యుండవలెను. తెరమీది దృశ్యపు వెడల్పును, తెర పరిమాణమును బట్టియు కంటికి తెరకు గల దూరమును బట్టియు సరిచేసికొనవలెను. ఈ మూడవది తప్పినయెడల వేగమును దూరమును కన్ను సరిగా అంచనా వేయజాలదు.

పాఠములు యూట్యూబునందు వేలకొలదిగా నున్నవి. బ్రిటిషు పందెపు చోదకుడగు స్కాట్ మాన్సెల్ డ్రైవర్61 అను పేర బోధించుచున్నాడు. సంగీతవిద్యనుండి ఈ విద్యకు వచ్చిన బ్రెజిలు దేశస్థుడు సుయెల్లియో అల్మైడా మరియొక బోధకుడు. ఇట్టివారు ఇంకను పలువురు కలరు. ఎవరి పాఠము వినవలెనను ప్రశ్నకు మా సమాధానమిది: ఎట్లు చేయవలెనో మాత్రము చెప్పువానికంటె, ఏల అట్లు చేయవలెనో చెప్పువాడు మేలైన గురువు. ఫలానిచోట బ్రేకు త్రొక్కుమని చెప్పిన మాట ఒక బాటకే పనికివచ్చును. బ్రేకు త్రొక్కినపుడు కారు బరువేమగునో చెప్పిన మాట అన్ని బాటలకును పనికివచ్చును. ఒక గురువు నెన్నుకొన్న పిమ్మట కొన్ని వారములవరకు ఆయనయొద్దనే యుండుట మంచిది. దినమున కొక గురువును మార్చువానికి పది సలహాలు దొరకును గాని విద్య దొరకదు.

ఆ పాఠములలో ప్రారంభకుడు తెలిసికొనవలసిన మూలసూత్రములు నాలుగు. అవి మన పాఠశాలలో చెప్పు భౌతికశాస్త్ర గణితములకు దగ్గర చుట్టములే.

మొదటిది చూపు. కన్ను ఎచ్చటికి పోవునో చేయి అచ్చటికి పోవును. ప్రారంభకుడు కారు ముక్కు ముందటి నేలను చూచుచుండును. అందుచే ప్రతి మలుపును అకస్మాత్తుగా వచ్చినట్లే యుండును. బ్రేకు త్రొక్కకముందే మలుపు లోపలి అంచును, అచ్చటికి చేరకముందే మలుపు బయటికి పోవు చోటును చూడవలెను.

రెండవది బ్రేకు. వేగము రెండింతలైనచో ఆగుటకు పట్టు దూరము నాలుగింతలగును. ఆరిన బాటమీద మంచి టైరులు గల కారు ఆగుటలో భూమ్యాకర్షణ వేగవృద్ధితో సమానమైన మందనమును పొందునని యనుకొందము. గంటకు 100 కిలోమీటర్ల వేగమున బోవు కారు సుమారు 40 మీటర్లలో ఆగును. 200 కిలోమీటర్ల వేగమున బోవునది సుమారు 160 మీటర్లు తీసికొనును. ఈ లెక్క తెలియనివాడు, వేగము కొంచెమే పెరిగినది గదా యని బ్రేకును కొంచెమే ముందుగా త్రొక్కి బాట వెలుపల పడును. కాబట్టి బాటప్రక్కనున్న పలకనో స్తంభమునో గురుతుగా పెట్టుకొని, మొదట తిన్నగా పోవుచుండగనే బ్రేకంతయు ముగించి, పిమ్మట మలుపు ద్రిప్పుట నభ్యసింపవలెను.

మూడవది మార్గము. మలుపులో కారు పోగల వేగము, అది గీయు వృత్తముయొక్క వ్యాసార్ధమును బట్టి యుండును. పైన చెప్పిన టైరులతోనే 50 మీటర్ల వ్యాసార్ధమున గంటకు సుమారు 80 కిలోమీటర్లకు మించి పోజాలము; 80 మీటర్ల వ్యాసార్ధమున సుమారు 100 కిలోమీటర్లు పోవచ్చును. అందుచేత చోదకుడు బాటయొక్క వెలుపలి అంచునుండి ఆరంభించి, లోపలి అంచును తాకి, మరల వెలుపలి అంచునకు బోవుచు, ఉన్న వెడల్పునంతను వాడుకొని తన వృత్తమును పెద్దది చేసికొనును. లోపలి అంచును తాకు ఆ బిందువును ఎపెక్సు అందురు. మలుపు తరువాత పొడవైన తిన్ననిబాట యున్నచో, ఎపెక్సును కొంచెము ఆలస్యముగా తాకుట మేలు. ఏలయనగా మలుపు చివర కారు ముందుగా తిన్నబడును, యాక్సిలరేటరును ముందుగా త్రొక్కవచ్చును, ఆ వేగము బాట పొడవునను లాభించును. నిదానముగా ప్రవేశించి వేగముగా బయటపడుమని గురువులందరును చెప్పు మాటకు కారణమిదియే.

నాలుగవది టైరు పట్టును పంచుకొనుట. టైరునకు గల పట్టు నూరు రూపాయల ధనము వంటిది. ఆ ధనమునే బ్రేకునకును మలుపునకును ఖర్చుపెట్టవలెను. అయితే ఈ లెక్క కూడికలతో సాగదు. పైథాగరసు సిద్ధాంతము ననుసరించి సాగును. బ్రేకునకు 80 పాళ్లు వాడినచో మలుపునకు 20 కాదు, 60 పాళ్లు మిగులును. 80 వర్గమును 60 వర్గమును కలిపిన 100 వర్గమగును గదా! అందుచే నేర్పరులు మలుపు ద్రిప్పుట మొదలుపెట్టినపిదప గూడ బ్రేకును ఒక్కసారిగా వదలక, చక్రము తిరుగుకొలదిని మెల్లమెల్లగా సడలింతురు. దీనివలన కారు బరువు ముందు చక్రములపై నిలిచి, ముక్కు లోపలికి చక్కగా తిరుగును. కాని ఇది రెండవ పాఠము గట్టిపడిన పిదప నేర్వదగినది. ముక్కు బయటికి జారినపుడు ప్రారంభకుడు చక్రమును ఇంకను త్రిప్పును. అది తప్పు, కొంత సడలించి వేగము తగ్గింపవలెను. వెనుకభాగము జారినపుడు జారిన దిక్కునకే చక్రమును త్రిప్పి, ఆ జారుట తగ్గగానే మరల తిన్నచేయవలెను.

సూత్రములు తెలిసినంత మాత్రమున విద్య రాదు. అభ్యాసము కావలెనని అందరును చెప్పుదురు. కాని ఎట్టి అభ్యాసము? ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలలో చదివినవారందరు ఎడ్వర్డు థార్న్‌డైకు పేరు వినియుందురు. ఆ అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు 1930 ప్రాంతమున ఒక పరీక్ష చేసెను. మనుష్యులను కన్నులు మూసికొని నాలుగు అంగుళముల గీతను మరల మరల గీయుమనెను. వారు గీసిన గీత పొడవో పొట్టియో వారికి చెప్పలేదు. ఎన్ని వందల గీతలు గీసినను వారి చేయి మెరుగుపడలేదు. మరల మరల చేయుటయే నేర్చుట యని అంతకుముందు తానే చెప్పిన సిద్ధాంతమును ఆయన యిట్టి పరీక్షలవలన సవరించుకొనెను. తన తప్పు తనకు తెలియనిదే ఎంత అభ్యాసమైనను వ్యర్థము.

అంతర్జాలపు గురువువద్ద నేర్చువాడు గుర్తుంచుకొనవలసిన రహస్య మిదియే. ఆ గురువు ఎంత ప్రవీణుడైనను నీ చేతిని చూడడు. నీవు బ్రేకును ఆలస్యముగా త్రొక్కితివని చెప్పడు. పాఠమును పదిసార్లు చూచినను, తెరమీద ఆయన చేయి కనబడునుగాని నీ చేయి కనబడదు. కాబట్టి గురువు చేయవలసిన సగము పనిని, అనగా తప్పును చూచుటను, శిష్యుడే వహించుకొనవలెను. మన అదృష్టమున సిమ్ రేసింగునందు అందుకు సాధనములు పుష్కలముగా నున్నవి. నడిపిన చుట్టును మరల తెరమీద చూచుకొనవచ్చును. ఉత్తమమైన చుట్టును నీడకారుగా ముందు నడిపించి, ఎచ్చట వెనుకబడితిమో కనిపెట్టవచ్చును. బ్రేకును యాక్సిలరేటరును ఎప్పుడెంత త్రొక్కితిమో గ్రాఫుగా గీచి చూపు ఉపకరణములును కలవు.

ఇందును బట్టి ప్రారంభకునకు మేము చెప్పు అభ్యాసక్రమ మెట్టిదనగా: శక్తి తక్కువయైన కారు నొకదానిని, పొట్టిబాట నొకదానిని ఎన్నుకొని, నెలదినములు వానిని మార్చకుండవలెను. ఐరేసింగులో క్రొత్తవారికి మాజ్డా ఎమ్ఎక్స్-5 అను చిన్న కారు నిచ్చుట ఈ కారణముచేతనే. వేగపు కారు తప్పులను శక్తితో కప్పిపుచ్చును. చిన్నకారు తప్పులను బయటపెట్టును. ఒక దినమున ఒక్క పాఠమునే, పది నిమిషములు చూచి, నలువది నిమిషములు అభ్యసింపవలెను. మొదటి లక్ష్యము వేగము కారాదు. బాట దిగకుండ వరుసగా పది చుట్లు పూర్తిచేయుట కావలెను. ఆ పది చుట్ల కాలములు ఒకదానికొకటి అర్ధ సెకండు లోపున నున్నప్పుడు మాత్రమే బ్రేకు గురుతును ఒక్క మీటరు, రెండు మీటర్లు ముందుకు జరుపవలెను. ఒక నోటుపుస్తకమునందు తేది, అభ్యసించిన విషయము, ఉత్తమ కాలము, ఎక్కువగా జరిగిన తప్పు అను నాలుగు గడులు గీచి నింపవలెను. చివరి గడియే ఆ పుస్తకమునకు ప్రాణము.

ఇట్లు ఒంటరిగా నిలకడ సంపాదించిన పిదపనే ఇతరులతో పందెమునకు బోవలెను. తెరమీది ప్రతి కారులోను ఎచ్చటనో ఒక మనుష్యుడు కూర్చుండియున్నాడని మరువరాదు. ఐరేసింగునందు రూకీ మొదలుకొని డి, సి, బి, ఏ అను తరగతుల లైసెన్సులు కలవు. బాట దిగినను, అదుపు తప్పినను, ఇతరుని గట్టిగా డీకొన్నను వరుసగా ఒకటి, రెండు, నాలుగు చొప్పున దోషపు మార్కులు పడును. డీకొనుటలో తప్పెవరిదైనను ఇద్దరికిని మార్కులు పడును. ఇది అన్యాయమని క్రొత్తవారు గోలపెట్టుదురు. కాని ఇతరుని తప్పునుండియు తన్ను కాపాడుకొనుట చోదకుని విద్యలో భాగమని ఈ నియమము నేర్పుచున్నది. మొదటి మలుపులో తొందరపడకుండుట, ప్రక్కనున్న వానికి ఒక కారు వెడల్పు చోటు విడుచుట, వేగముగా వచ్చువానికి అడ్డము పోకుండుట: ఈ మూడును పాటించువాడు వేగము తక్కువయైనను గౌరవము పొందును.

తలిదండ్రులకు కొన్ని మాటలు. ఈ ఆటకు కొనుబడి ఒకసారితో ముగియదు. కొన్ని సంస్థలు నెలనెలకు చందా తీసికొనును. కారులును బాటలును విడివిడిగా అమ్మును. మొదట తక్కువ పరికరములతో మూడు నెలలు క్రమముగా నోటుపుస్తకము నింపిన బాలునికే మంచి చక్రము కొనిపెట్టుడు. ఆట సమయమున అపరిచితులతో మాటలాడు వీలును మూసియుంచుట మంచిది. చదువు ముగిసిన పిమ్మట గంటసేపు చాలును. అలసిన చేయి తప్పులనే అభ్యసించును.

అన్నిటికంటె గట్టిగా చెప్పవలసినది మరియొకటి. తెరమీద కారు నడుపుట వచ్చినది గదా యని రోడ్డుమీద కారు నడుపుట వచ్చినదని తలంపరాదు. తెరమీద గోడను డీకొన్నవాడు ఒక మీట నొక్కి మరల బయలుదేరును. రోడ్డుమీద అట్టి మీట లేదు. అచ్చట పశువులు, పిల్లలు, ముసలివారు నడచుచుందురు. పైన చెప్పిన మార్డెన్‌బరో వంటి నేర్పరి 2015 మార్చి 28వ తేదీన జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగున నడుపుచుండగా, ఆయన కారు ముందుభాగము గాలికి లేచి, కంచెను దాటి పడుటచే ప్రేక్షకులలో ఒకరు మరణించిరి. నిజమైన వేగమునకు గల వెల అట్టిది. మన దేశమున పదునెనిమిది సంవత్సరములు నిండనివారికి కారు నడుపు లైసెన్సు లేదు. మైనరు బాలుడు నేరము చేసినచో, 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము అతని సంరక్షకునకు గాని వాహన యజమానికి గాని 25,000 రూపాయల జరిమానాయు, మూడు సంవత్సరములవరకు కారాగారమును విధింపవచ్చును. చట్టమునకు భయపడి కాక, పొరుగువాని ప్రాణమును ప్రేమించియే బాలురు దీనిని పాటింతురని మా యాశ. సిమ్ రేసింగు సరిగా నేర్చినవాడు ఆగుటకు పట్టు దూరమును ఇతరులకంటె బాగుగ నెరుగును. కాబట్టి అతడు రోడ్డుమీద ఇతరులకంటె నిదానముగా పోవలెను.

విద్యార్థులారా! మీరీ విద్యను నేర్తురో లేదో మీ ఇండ్ల వీలునుబట్టి యుండును. నేర్వకున్నను లోపము లేదు. కాని అందలి నేర్చు పద్ధతి మీ అన్ని చదువులకును చెల్లును. లెక్క తప్పినప్పుడు జవాబు చూచి ఊరకొనక, ఏ మెట్టులో తప్పితినని వెదకువాడు తన చుట్టును మరల చూచుకొను చోదకుని వంటివాడు. కీర్తన పాడి తన గొంతును తానే వినువాడును, చేవ్రాతను మేలుబంతి ప్రక్కన పెట్టి చూచుకొనువాడును అట్టివారే. అపొస్తలుడగు పౌలు క్రైస్తవ జీవితమును పరుగుపందెముతో పోల్చి వ్రాసినాడని బైబిలు తరగతిలో చదివియున్నారు. ఆ పందెమునకైనను, ఈ పందెమునకైనను, తన్ను తాను పరీక్షించుకొనుటయే మొదటి శిక్షణ. పాఠశాల విడిచిన పిదప మీ నోటుపుస్తకములను దిద్దుటకు మేముండము. నాలుగవ గడిని మీరే నింపుకొనవలెను. దానిని నేడే మొదలుపెట్టుడు.